టైపింగ్‌కీ గేమింగ్‌కీ ఒకే కీబోర్డు: ఏ స్విచ్‌లు, రెడ్డా, బ్రౌనా, బ్లూనా?

పెన్నాతీరం:
హాట్‌స్వాప్ బోర్డు (కీల కింది స్విచ్‌లు టంకం లేకుండా పీకి మార్చుకునే కీబోర్డు) తీసుకున్నాను, స్విచ్‌లు మార్చాలి. పగలంతా ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో తెలుగు టైపింగ్, రాత్రి వాలరెంట్ గేమ్. పక్క గదిలో అమ్మానాన్న పడుకుంటారు. బోర్డుతో వచ్చిన రెడ్ స్విచ్‌ల మీద వేలు ఆనితే చాలు, అక్షరం పడిపోతోంది. ఏ స్విచ్ వేయమంటారు? స్ప్రింగ్ బరువు (కీ దిగడానికి కావలసిన ఒత్తిడి) ఎంత ఉండాలి? తెలుగు అక్షరాలున్న కీక్యాప్‌లు ఎక్కడైనా దొరుకుతాయా?

గచ్చిబౌలి_గేమర్:
బ్రో, గేమింగ్ అంటే లీనియరే, మధ్యలో తట్టూ క్లిక్కూ లేకుండా నున్నగా దిగేది. చెర్రీ కంపెనీ స్పీడ్ సిల్వర్ వేసెయ్. 1.2 మి.మీ. దగ్గరే నొక్కు పడుతుంది, రెడ్‌కి 2 మి.మీ. దాకా వెళ్లాలి. నేను మారాక తేడా చేతికే తెలిసింది. క్లిక్‌మనే బ్లూ జోలికి మాత్రం పోకు.

డీటీపీ_బెజవాడ:
వేలు ఆనితేనే అక్షరం పడుతోందని ఆయన మొత్తుకుంటుంటే ఇంకా తొందరగా పడే స్విచ్ చెబుతారేంటండీ? సిల్వర్ మీద ఎప్పుడైనా ఇన్‌స్క్రిప్ట్ కొట్టారా? ‘స్త్రీ’ రాయాలంటే ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ పొల్లు ఉండేది డి కీ మీద. అది ఒకటి ఎక్కువ పడిందంటే మాట మధ్యలో చుక్కల సున్నా వచ్చి కూర్చుంటుంది. ప్రూఫులో దొరక్కపోతే అచ్చులోకీ అలాగే పోతుంది. మా సెంటర్‌లో అన్నీ బ్లూలే. క్లిక్‌మంటే పడినట్టు, లేకపోతే లేనట్టు. ఇందులో అనుమానానికి చోటే లేదు.

గచ్చిబౌలి_గేమర్:
మీ సెంటర్‌లో వాలరెంట్ ఆడరు కదండీ. బ్లూలో నొక్కు పడే చోటు వేరు, వదిలినప్పుడు తెగే చోటు వేరు. కీ బాగా పైకి వస్తే తప్ప రెండో నొక్కు తీసుకోదు. ఎడమకీ కుడికీ కదలడానికి ఎ, డి మార్చి మార్చి కొట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది. మైక్‌లో టకటక సరేసరి.

స్విచ్_మెకానిక్:
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. కాలేజీ రోజుల నుంచి స్విచ్‌లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, మా ఊళ్లో ఎవరి కీబోర్డు మొరాయించినా నా టేబుల్ మీదికే వస్తుంది. చెర్రీ బ్లూలో స్టెమ్ (కీక్యాప్ కూర్చునే కాడ) రెండు ముక్కలు. లోపలి తెల్ల ముక్క జారి కింద కొట్టుకుంటేనే ఆ క్లిక్. గేమర్ గారు చెప్పిన తేడా కూడా ఆ జారుడు వల్లే. క్లిక్ కావాలి, ఆ తేడా వద్దు అనుకుంటే కైల్ బాక్స్ వైట్ ఉంది. దాంట్లో క్లిక్ వేరే సన్నటి తీగది. కాంటాక్టులు డబ్బాలో మూసి ఉంటాయి, దుమ్ము, నీళ్ల నుంచి రక్షణకి ఐపీ 56 రేటింగ్. మన దుమ్ముకి అదే మేలు.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
పక్క గదిలో పెద్దవాళ్లు పడుకుంటారని మొదటి పోస్టులోనే ఉంది! ఇంకా క్లిక్ గొడవేంటండీ? సైలెంట్ రెడ్ వేసుకోండి. మా ఇంట్లో చంటిపాప ఉంది, గోడ అవతలికి వినబడదు. స్పేస్‌బార్ మోత మాత్రం పొడుగు కీ వంకరపోకుండా పట్టే స్టెబిలైజర్‌ది. దాని తీగ చివర్లకు గ్రీజు పెట్టకపోతే ఏ స్విచ్ వేసినా తగ్గదు.

డీటీపీ_బెజవాడ:
చప్పుడంటే అంత భయమైతే టైపింగ్ ఎందుకు? టైపు మిషన్ల మీద నేర్చుకున్నవాళ్లం, చప్పుడు వింటేనే మాకు లయ దొరుకుతుంది.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
మీ లయ మీ సెంటర్‌లో పెట్టుకోండి. అర్ధరాత్రి పక్కింటివాళ్లు తలుపు కొడితే మీరొచ్చి సమాధానం చెబుతారా?

హన్మకొండ_హాల్:
ఇంకా మెకానికల్ దగ్గరే ఉన్నారా అందరూ? మాగ్నెటిక్‌కి (కీ ఎంత దిగిందో అయస్కాంతంతో కొలిచే స్విచ్‌లకి) వచ్చేయండి. వూటింగ్ 60హెచ్ఈ కీబోర్డులో నొక్కు 0.1 నుంచి 4 మి.మీ. దాకా ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. పగలు టైపింగ్‌కి లోతుగా, రాత్రి గేమ్‌కి పైపైన. సమస్యే లేదు.

గచ్చిబౌలి_గేమర్:
వాటిని కౌంటర్ స్ట్రైక్‌లో బ్యాన్ చేశారు కదా?

హన్మకొండ_హాల్:
తెలియకుండా మాట్లాడొద్దు బ్రో. 2024 ఆగస్టులో ఆ గేమ్ కంపెనీ వాల్వ్ ఆపింది స్నాప్ ట్యాప్ లాంటివాటిని. రెండు వైపుల కీలూ ఒకేసారి నొక్కితే ఏది లెక్కలోకి రావాలో కీబోర్డే తేల్చేస్తుంది, అది వద్దన్నారు. కీ కాస్త పైకి లేవగానే వదిలినట్టు తీసుకునే ర్యాపిడ్ ట్రిగ్గర్‌ని ఆపలేదు.

స్విచ్_మెకానిక్:
ఆయన బోర్డు కొనేశారు. మామూలు హాట్‌స్వాప్ బోర్డులో మాగ్నెటిక్ స్విచ్ పనిచేయదు, కింద సెన్సర్ ఉండాలి. కొత్త బోర్డు డబ్బులు మీరిస్తారా?

కడప_కీస్:
డి కీ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. నాకు ఒక్కసారి నొక్కితే రెండు పొల్లులు పడేవి. కొన్న షాపువాడు “గట్టిగా కొడుతున్నారు సార్” అని పంపించేశాడు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది చేతి తప్పు కాదు, కాంటాక్టు రేకు అదరడం. హాట్‌స్వాప్ అయితే పెద్దగా వాడని పాజ్ కీ కింద స్విచ్ పీకి డి కింద పెట్టండి, ఖర్చు లేకుండా ఆ బాధ పోతుంది. పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి నొక్కండి, వంగితే విరుగుతాయి.

లేఖిని_అభిమాని:
అసలు ఇన్‌స్క్రిప్ట్ ఎందుకండీ? ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకుంటే పొల్లు గొడవే ఉండదు.

డీటీపీ_బెజవాడ:
తెలుగు రాయడానికి ఇంగ్లిష్ స్పెల్లింగు ఎందుకు తలచుకోవాలి? గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చేలా అమర్చిన లేఅవుట్ అది. చేయి తిరిగాక ఆగదు.

పెన్నాతీరం:
క్లిక్ వద్దు, కొత్త బోర్డూ వద్దు. బరువు సంగతి ఎవరైనా చెప్పండి. కీక్యాప్‌లు కూడా.

స్విచ్_మెకానిక్:
చెర్రీ రెడ్ 45 గ్రాములు, బ్లాక్ 60. మధ్యలో గేటరాన్ ఎల్లో 50, అది వేసుకోండి, ధర కూడా తక్కువ. వేళ్లు అప్పటికీ తొందరపడితే డి ఒక్కదానికే బ్లాక్ పెట్టండి. అన్నీ ఒకే రకం ఉండాలని రూలేం లేదు. స్విచ్ లోపల ల్యూబ్ (గ్రీజు) రాస్తే క్రైటాక్స్ 205 గ్రేడు, పల్చగా.

గచ్చిబౌలి_గేమర్:
డికి బ్లాక్ పెడితే గేమ్‌లో కుడివైపు కదలిక బరువెక్కుతుంది బ్రో, ఎడమకో తీరు, కుడికో తీరు. ఎకి కూడా బ్లాకే పెట్టు.

లేఖిని_అభిమాని:
డీటీపీ గారూ, “చేయి తిరిగాక” అన్నారు. తిరగడానికి ఎన్ని నెలలు పడుతుందో అదీ చెప్పండి.