సబ్బు పొడిలోని సబ్టిలిసిన్ పట్టు చీరకు ఎందుకు పడదు?

ప్రశ్న – ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక:
బట్టలు ఉతికే పొడి ప్యాకెట్ ముందువైపు ఎంజైములున్నాయని పెద్దక్షరాలతో వేసి, వెనకవైపు మాత్రం పట్టుకూ ఉన్నికీ వాడవద్దని చిన్నక్షరాలతో రాస్తారు. అమ్మ పోచంపల్లి చీర నానబెట్టబోతే వద్దన్నాను గాని, కారణం వివరంగా చెప్పలేకపోయాను. పైగా ప్రోటీన్లను కోసే ఎంజైమ్ తానూ ప్రోటీనే కదా, పొడిలో నెలల తరబడి తనను తాను కోసుకోకుండా ఎలా ఉంటుంది?

జవాబు 1 – జీవరసాయన అధ్యాపకుడు, హబ్సిగూడ:
పట్టు పోగు ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్ కనుక, పొడిలోని ప్రోటీన్లను కోసే ఎంజైమ్ అయిన సబ్టిలిసిన్ నెత్తుటి మరకలోని ప్రోటీన్‌కూ దానికీ తేడా చూడదమ్మా. ఫైబ్రోయిన్‌లో బిగువుగా పేరుకున్న భాగాలు చాలావరకు తట్టుకుంటాయి గాని, వాటి నడుమ వదులుగా ఉన్నచోట గొలుసు తెగి, మెరుపూ బలమూ తగ్గుతాయి. నూలు బట్ట సెల్యులోజు కాబట్టి దానికి భయం లేదు.

బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్ అనే బాక్టీరియా తయారుచేసే సబ్టిలిసిన్ 275 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. అందులో 32వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం, 64వ హిస్టిడిన్, 221వ సెరీన్ గొలుసులో ఎంతో దూరంగా ఉన్నా, మడతపడ్డాక పక్కపక్కకు చేరతాయి. హిస్టిడిన్ ప్రోటాన్‌ను లాగేసుకోగానే సెరీన్‌లోని ఆక్సిజన్, కోయాల్సిన ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధంలోని కార్బన్‌ను పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఏర్పడే రుణావేశాన్ని 155వ ఆస్పరజిన్ నిలకడగా ఉంచుతుంది. ఒక ముక్క వెంటనే విడిపోగా, సెరీన్‌కు అతుక్కుపోయిన రెండో ముక్కను నీటి అణువు విడిపిస్తుంది. హిస్టిడిన్ అప్పటికే ప్రోటాన్‌తో ఉంటే ఈ పని సాగదు. క్షారగుణమున్న సబ్బు నీళ్లు దీనికి అనుకూలించడానికి అదొక ముఖ్య కారణం. జంతువుల జీర్ణ ఎంజైమ్ అయిన కైమోట్రిప్సిన్‌లోనూ ఇవే మూడు ఉంటాయి గాని దాని మడత పూర్తిగా వేరు. పరిణామం రెండు దారుల్లో ఒకే ఉపాయానికి చేరుకుందన్నమాట. నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

జవాబు 2 – డిటర్జెంట్ పరిశ్రమలో పనిచేసినవాడిని, బాలానగర్:
రెండో ప్రశ్నకు నా జవాబు: కోతకు నీరు కావాలి, పొడిలో అది లేదు. ఎంజైమును పూత పూసిన రేణువులుగా కలుపుతారు. ఒకప్పుడు దాని ధూళి పీల్చి కార్మికులు ఉబ్బసం బారిన పడడంతో ఆ పూత తప్పనిసరైంది. ద్రవ డిటర్జెంట్లలో బోరేట్ వంటివి దాన్ని తాత్కాలికంగా ఆపి ఉంచుతాయి, బకెట్ నీళ్లలో పలచబడగానే వదిలేస్తాయి. అసలు బలహీనత వేరొకటుంది: సెరీన్ పక్కనే ఉన్న 222వ మెథియోనిన్ బ్లీచ్ తగిలితే ఆక్సీకరణం చెంది ఎంజైమ్ చతికిలబడుతుంది. అందుకే దాని స్థానంలో వేరే అమైనో ఆమ్లాన్ని పెట్టి, పనివేగం కొంత తగ్గినా బ్లీచ్‌ను ఓర్చుకునే రూపాలను తయారుచేశారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈ ఎంజైమ్ కాల్షియంను పట్టుకుని నిలబడుతుందని చదివాను. అలాగైతే మా బోరు నీళ్ల కాఠిన్యం దానికి మేలేనా?

జవాబు 2 రాసినవారు:
ఎంజైమ్ నిలకడకు మేలే. కానీ అదే కాల్షియం సబ్బును తెట్టు కట్టిస్తుంది గనుక, పొడిలో కాల్షియంను పట్టేసే పదార్థాలను కలుపుతారు.