మామను 'మోరాన్' అన్నాడు మా అబ్బాయి. ఆ మాట ఎక్కడిది?

ఉరవకొండ అక్క:
మా తమ్ముడికి 34 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి బుద్ధి ఎదుగుదల తక్కువ. డబ్బు లెక్క రాదు. కానీ మూడు ఎనుములనూ వాడే మేపుకొస్తాడు, ఏది ఈనడానికి దగ్గరపడిందో నాకన్నా ముందే చెప్తాడు. నిన్న శెనక్కాయలు వలుస్తూ పొట్టు, గింజలు కలిపేశాడని మా అబ్బాయి 'యూ మోరాన్' అన్నాడు. వాడిది ఏడో తరగతి. తమ్ముడికి అర్థం కాక నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. కొట్టబోయి ఆగాను. ఎందుకు తప్పో చెప్దామంటే ఆ మాట పుట్టుక నాకే తెలియదు. ఫ్రెండ్స్‌ను 'రిటార్డ్' అని కూడా అంటుంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

కడప ఇంగ్లీషు లెక్చరర్ (రిటైర్డ్):
అమ్మా, ఆ మాటను తయారుచేసిందే మీ తమ్ముడిలాంటి వాళ్ల కోసం. 1910లో అమెరికాలో హెన్రీ గాడర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గ్రీకు మాట నుంచి దాన్ని పుట్టించాడు. అప్పట్లో ఐక్యూ, అంటే తెలివి పరీక్షలో వచ్చే అంకె, 51 నుంచి 70 దాకా ఉంటే మోరాన్, 26 నుంచి 50 అయితే ఇంబెసిల్, ఇంకా తక్కువైతే ఇడియట్. తిట్లు కావు, రికార్డుల్లో మనుషుల పేర్ల పక్కన రాసుకున్న మాటలు. ఇలాంటి వాళ్లను జనం నుంచి వేరుగా ఉంచాలని, పిల్లలు కననివ్వకూడదని కూడా గాడర్డ్ వాదించాడు. అది చదివిన రోజు నుంచి క్లాసులో నేను 'ఇడియట్' అనడం మానేశాను. అప్పటికే ఎంతమంది పిల్లల్ని అన్నానో.

ఈ మాటలు తిట్లయిపోయాక, కాస్త మర్యాదగా ఉంటుందని 'రిటార్డేషన్' వాడారు. దానికి అసలర్థం ఆలస్యం కావడం, అంతే. అదీ తిట్టయింది. 2010లో అమెరికా చట్టం చేసి మరీ దాన్ని మార్చింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 'ఇంటలెక్చువల్ డిజెబిలిటీ' అనే ఉంది.

ఆదోని రైతుబిడ్డ:
అక్కా, 'విలన్' సంగతీ ఇంతే. లాటిన్‌లో విల్లా అంటే పొలాలున్న పెద్ద ఇల్లు. అక్కడ సేద్యం చేసేవాడి పేరులోంచే విలన్ వచ్చాడు. దొరల కంటికి పల్లెటూరివాడు మోటుగా కనబడ్డాడు, పోనుపోను దుర్మార్గుడే అయిపోయాడు.

మన 'కూలి'కి ఇంకా అన్యాయం జరిగింది. 1860లో మద్రాసు నుంచి ఓడల్లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు, చెరకు తోటల పనికి మనవాళ్లు పోయారు. అక్కడి తెల్లవాళ్ల నోట ఆ మాట భారతీయులందరికీ తిట్టయింది. గాంధీని 'కూలీ బారిస్టర్' అన్నారు. మా అమ్మ ఏటా గుంటూరు వైపు మిరప కోతకు కూలికి పోతుంది. ఆ డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను.

ఉరవకొండ అక్క:
సార్, తమ్ముడూ, మీరు రాసినవి రాత్రి మా అబ్బాయితోనే పైకి చదివించాను. ఐక్యూ నంబర్ల దగ్గర గొంతు తగ్గించాడు, మామ పక్కనే ఉన్నాడని. తర్వాత తనే బీరువాలోంచి మామ పాత సర్టిఫికెట్ తీశాడు. దాంట్లో ఇంగ్లీషులో 'మెంటల్ రిటార్డేషన్' అని ఉంది. ఇన్నేళ్లూ ఆ కాగితాన్ని నేనే ఆఫీసుల చుట్టూ తిప్పాను. సార్, కొత్తది తీసుకునేటప్పుడు ఆ మాట లేకుండా రాయమని అడగొచ్చా?