కంట్రీ పాటని జానపదం అనొచ్చా? నాటు, పోరంబోకు, వాగ్గేయకారిణి

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక అమెరికన్ ఆల్బమ్ గురించి రాస్తున్నాను. అక్కడి 'కంట్రీ' పాటలకి తెలుగులో ఏ మాట వాడాలో మీ సలహా కావాలి.

మా అక్క కూతురు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు వంటింట్లో ఫోన్ మీద ఒక ఆల్బమ్ పెట్టింది. లిడియా లవ్‌లెస్ పాడిన 'ఇండిస్ట్రక్టిబుల్ మెషీన్'. 2011 సెప్టెంబరులో షికాగోకి చెందిన బ్లడ్‌షాట్ రికార్డ్స్ విడుదల చేసింది. అప్పటికి లిడియాకి సరిగ్గా ఇరవై ఒక్కేళ్ళు. ఉన్నవి తొమ్మిదే పాటలు. కంట్రీ, రాక్, పంక్ (మోటుగా, తిరగబడినట్టు వాయించే రాక్) మూడూ కలిసిపోయి ఉంటాయి. ఒక పాట బాంజోతో గలగలమని పరిగెడితే, ఇంకోటి బార్‌లో అర్ధరాత్రి దాటాక ఒంటరిగా కూర్చుని పాడుకుంటున్నట్టు ఉంటుంది.

మా అమ్మ నరసరావుపేట మనిషి. బెండకాయలు తరుగుతూ వింటోంది. "ఏం పాటలే ఇవి?" అని అడిగింది.

"జానపదాలు అమ్మమ్మా. వాళ్ళ పల్లెటూరి పాటలు."

అమ్మ కత్తిపీట దగ్గర ఆగి ఇంకాస్త విన్నది. "జానపదమైతే నలుగురూ అందుకుంటారు. ఈ పిల్ల ఒక్కతే ఎవరితోనో పోట్లాడుతోంది కదే" అంది.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. కానీ గొంతు వినే పట్టేసింది. జానపదం ఎవరు కట్టారో తెలియదు, అది ఊరందరి సొత్తు. ఇక్కడ పాట రాసింది, బాణీ కట్టింది, పాడింది ఒక్క మనిషే, అదీ తన గొడవ గురించే. కంట్రీ మ్యూజిక్ జానపదంలోంచే పుట్టిందన్నది నిజం. 1927లో టెనెస్సీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ ఊళ్ళో తొలితరం కంట్రీ గాయకులు కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రోజర్స్ రికార్డింగులు ఇచ్చిన నాటికి ఊళ్ళో పాటలే వాళ్ళ పెట్టుబడి. కానీ పుట్టింటి పేరుని ఎన్నాళ్ళని తగిలిస్తాం?

నాకు తోచిన మాట 'నాటు'. కంట్రీ చికెన్ అంటే నాటుకోడి, కంట్రీ లిక్కర్ అంటే నాటుసారా. ఇంగ్లిష్‌లో కంట్రీ అన్న ప్రతిచోటా మనం అలవాటుగా నాటు అనేశాం, ఒక్క సంగీతం దగ్గరే ఆగిపోయాం. నాడు అంటే ప్రాంతం. పల్నాడు, వెలనాడు, పాకనాడు. విభక్తి వచ్చేసరికి పల్నాటి వీరులు, పల్నాటి యుద్ధం అవుతుంది. నాటు ఆ కుటుంబంలోదే. తమిళులు కూడా 'నాట్టుక్కోళి' అంటారు. వరి నాటు వేసే నాటు వేరే మాట, రెండిటినీ కలపకూడదు.

ఈ మాటకున్న రెండు ముఖాలే నన్ను కట్టిపడేశాయి. "వాడొట్టి నాటు మనిషి" అంటే తిట్టు. అదే ఆదివారం పొద్దున చికెన్ కొట్టు ముందు నాటుకోడి అంటే బ్రాయిలర్ కన్నా ఎక్కువ రేటు. అమెరికాలోనూ ఇదే కథ నడిచింది. ఈ సంగీతాన్ని మొదట్లో 'హిల్‌బిల్లీ' అనేవాళ్ళు, కొండల్లో ఉండే మోటు జనం అని. 1925లో న్యూయార్క్‌లో రికార్డింగుకి వెళ్ళిన ఒక బృందం ఆ తిట్టునే తమ పేరుగా పెట్టుకుంది. 1949లో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక తన పాటల పట్టికకి 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని పేరు పెట్టాకే ఆ సంగీతానికి మర్యాద వచ్చింది. లిడియా పుట్టింది కొషాక్టన్ అనే చిన్న ఊళ్ళో. తండ్రి కంట్రీ మ్యూజిక్ బార్ నడిపారు, కూతురి బ్యాండులో డ్రమ్స్ కూడా వాయించారు. ఆ గొంతుని నాటు గొంతు అంటే తక్కువ చేసినట్టు కాదనే నా నమ్మకం. మీరేమంటారు?

మొదటి వ్యాఖ్య (తెలుగు మాస్టారు):
అమ్మా, మనకి 'దేశి' అన్న మాట ఉండగా నాటు ఎందుకు? మార్గ సంగీతం (శాస్త్రానికి కట్టుబడ్డది), దేశి సంగీతం (ఆయా ప్రాంతాల్లో జనం పాడుకునేది) అని పాతకాలపు సంగీత శాస్త్రకారుడు మతంగుడి నాటి నుంచీ ఉన్న విభజనే. నన్నెచోడుడు కూడా దేశి కవితని, జాను తెనుగుని తలచుకున్నాడు. పైగా నాటు అంటే ఇప్పుడు అందరికీ 2023లో ఆస్కార్ గెలిచిన పాటే గుర్తొస్తుంది.

జవాబు:
మాస్టారూ, దేశి అందమైన మాట. కానీ అమెరికాలో దేశీ స్టోర్ అంటే కందిపప్పు, చింతపండు దొరికే కొట్టు, దేశీ అంటే మనవాళ్ళు. కొలంబస్‌లో ఉన్న పిల్లతో దేశి సంగీతం అంటే హిందీ సినిమా పాటలనుకుంటుంది. ఆస్కార్ పాట గుర్తొస్తే రానివ్వండి. ఆ మాటని తలెత్తుకుని పలకడం దానివల్ల ఇంకా తేలికైంది.

రెండో వ్యాఖ్య:
అక్కా, సింగర్ సాంగ్‌రైటర్‌ని ఏమంటవ్ మరి? వాగ్గేయకారుడు అంటే త్యాగయ్య, అన్నమయ్యలకే అనుకుంటున్నరు శానమంది. మా దిక్కు గద్దర్‌ను, గోరటి వెంకన్నను ప్రజా వాగ్గేయకారులనే అంటం.

జవాబు:
భలే చెప్పావు తమ్ముడూ. నేను భయపడి ఆ మాట రాయలేదు. వాక్కూ గేయమూ రెండూ తనవే అయినవాళ్ళు వాగ్గేయకారులు, అంతే. గుడి మెట్ల మీద పాడారా, ధూంధాంలో పాడారా, బార్‌లో పాడారా అన్న షరతు ఆ మాటలో లేదు. 'నాటు వాగ్గేయకారిణి' అని రాసేస్తాను.

మూడో వ్యాఖ్య:
మరి పంక్‌ని వదిలేశారేం?

జవాబు:
వదల్లేదండీ, దాని కోసమే ఎక్కువ వెతికాను. పంక్ కూడా తిట్టే. షేక్‌స్పియర్ కాలంలో వేశ్యని అనేవాళ్ళు, తర్వాత పనికిమాలిన కుర్రాళ్ళని. 1970ల్లో ఆ సంగీతానికి అదే పేరు స్థిరపడింది. మనకి 'పోరంబోకు' ఉంది. అసలు అది రెవెన్యూ లెక్కల్లో మాట, శిస్తు లేని ప్రభుత్వ భూమి. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని ఇప్పటికీ రాస్తారు. ఎవరి పట్టాలోకీ రాని నేల కాస్తా ఎవరి మాటా వినని మనిషి అయింది. 2017లో చెన్నైలో కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ ఎన్నూరు క్రీక్ (సముద్రపు పాయ) కోసం పాడిన తమిళ పాట ఈ మాట మీదే నడుస్తుంది. నేను పోరంబోకునే, నువ్వు కూడానా అన్న ధోరణిలో. కర్ణాటక సంగీతంలోకే రాగా లేనిది పంక్‌కి ఎందుకు పనికిరాదు?

నాలుగో వ్యాఖ్య:
ముక్కుతో పాడినట్టు ఉంటుందే, ట్వాంగ్ అంటారు, దానికి?

జవాబు:
'యాస' చాలనిపిస్తోంది. "ఆ పాటలో యాస ఉంది" అంటే మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పెడల్ స్టీల్ గిటార్ ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారుతుంది కదా, దానికి మన గమకాల్లోని 'జారు' అచ్చంగా సరిపోతుంది. దొరకనిది ఇంకొకటి ఉంది. పై స్థాయికి వెళ్ళేటప్పుడు కావాలనే గొంతుని ఒక్క క్షణం చిట్లిపోనిస్తారు. ఏడుపుకి గొంతు జీరబోవడం వేరు, ఇది వేరు. బుర్రకథ, హరికథ చెప్పే కుటుంబాల్లో దీనికి మాట ఉండే ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి, ఏ ఊరి మాటో కూడా రాయండి.