‘మదింపు సంవత్సరం’ పోయి ‘పన్ను సంవత్సరం’: ఈ మాట మీకు సరిపోయిందా?

మిత్రులకు నమస్కారం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం బదులు 2025లో కొత్త చట్టం చేశారు. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్లు 819 నుంచి 536కి దిగాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఒక పేరు మార్పు.

పాత చట్టం మనం సంపాదించిన ఏడాదిని ‘గత సంవత్సరం’ అంది, దానికి పన్ను లెక్కగట్టే మరుసటి ఏడాదిని ‘మదింపు సంవత్సరం’ అంది. చట్టం మదింపు ఏడాదిలో నిలబడి వెనక్కి చూస్తుంది కనుక దానికది గతం. జీతం తీసుకునేవాడికి మాత్రం అది నడుస్తున్న ఏడాదే. మా బాబాయి రిటైరైన ఏడాది మార్చి నెలలో చలానా కడుతూ, ‘‘జీతం ఈ ఏడాదిదే కదరా’’ అని మదింపు సంవత్సరం గడిలో ఆ ఏడాదే ఎంచుకున్నారు. డబ్బు అంతకుముందు ఏడాది లెక్కలో పడింది. రిటర్నులో చలానా కలవలేదు. పన్ను బాకీ ఉందని నోటీసు వచ్చింది. జీవితంలో ఎవరికీ రూపాయి బాకీ పడని మనిషి, ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

‘మదింపు’ నిజానికి చక్కని మాట. మదించడమంటే విలువ కట్టడం. తమిళంలో మదిప్పు దీనికి తోబుట్టువే. పంట మదింపు అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘సంవత్సరం’ పక్కన చేరేసరికి ఎవరు, దేన్ని మదిస్తున్నారో తెలియకుండా పోయింది. ఇప్పుడు రెండు పేర్లూ తీసేసి, సంపాదించిన ఏడాదినే ‘పన్ను సంవత్సరం’ అన్నారు. మీరేమంటారు?

ఒక సభ్యురాలు: నాకు తృప్తిగా లేదండీ. ‘పన్ను సంవత్సరం’ అంటే పన్ను కట్టే సంవత్సరం అని కూడా అనుకోవచ్చు కదా? ‘ఆదాయ సంవత్సరం’ అని ఉంటే ఈ అనుమానం రాదు.

మరో సభ్యుడు: మేడమ్ చెప్పింది నిజం. నేను రిటర్నులు వేసే పనిలోనే ఉన్నాను, ఒక్క సంగతి చెప్తాను. 2026 జులైలో వేసే రిటర్ను 2025-26 ఆదాయానిది. అది పాత చట్టం కిందే, మదింపు సంవత్సరం 2026-27. ఆ రోజుల్లోనే కొత్త ఏడాది ఆదాయానికి ముందస్తు పన్ను, అంటే ఏడాది ముగియకముందే కట్టే పన్ను, కడితే అది పన్ను సంవత్సరం 2026-27. రెండిటి మీదా అంకెలు అవే! ఆ ముందున్న మాట ఒక్కటే తేడా.

మొదట రాసినది నేనే: అయ్యా, ఇది నాకు తట్టలేదు. అయితే ఈ మార్పు జరిగే ఏడాది ‘2026-27’ అని ఉత్త అంకె రాయడమే ప్రమాదం. మేడమ్ అన్న ‘ఆదాయ సంవత్సరం’ చట్టంలో లేకపోయినా, మనం ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు వాడదాం. బాబాయికి రాత్రే ఫోన్ చేశాను. ఆయన ఫైలు అట్టల మీద సంవత్సరం అంకెలు కొట్టేయించి, ‘2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా వచ్చినది’ అని పూర్తిగా రాయించాను.