కావలిలో ఉన్న కంప్యూటర్‌ని రిమోట్‌లో బాగు చేయించొచ్చా?

కావలి అబ్బాయి:
కావలి ఇంట్లో నాన్న వాడే డెస్క్‌టాప్. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే తెర వచ్చేదానికే పది నిమిషాలు పడతా ఉంది. ఫైల్ తెరిస్తే బిగుసుకుపోతుంది, అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్. సీపీయూని నెల్లూరు దాకా మోసుకెళ్లడం ఆయన వల్ల కాదు. ఫోన్‌లో దొరికిన ఒకతను ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయమంటున్నాడు, డబ్బులు ముందే పంపమంటున్నాడు. ఇది రిమోట్‌లో అయ్యే పనేనా?

ఒంగోలు హార్డ్‌వేర్:
డబ్బులు పంపొద్దు తమ్ముడూ. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, సామానులో ఉందా ముందు తేల్చుకో. ప్రింటర్ డ్రైవర్, తెలుగు టైపింగ్, బ్రౌజర్‌లో చేరిన చెత్త, ఇరుక్కున్న అప్‌డేట్ లాంటివి రిమోట్‌లో శుభ్రంగా అవుతాయి. ఆన్ కాకపోవడం, బీప్‌లు, వేడెక్కి ఆగిపోవడం, డిస్క్ పాడవడం రిమోట్‌కి లొంగవు. నువ్వు చెప్పినవన్నీ డిస్క్ లక్షణాలే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకుండా వదిలేసినా చాలాసేపు డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే అనుమానించాల్సిందే. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (ఉచితం) వేసి 05 (పాడై, బదులు వేరే చోటు వాడుతున్నవి), సీ5 (చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు) వరుసలు చూడు. అక్కడి రా వాల్యూలు (అసలు లెక్కలు) మామూలుగా హెక్సాలో, అంటే పదహారు చొప్పున లెక్కించే అంకెల్లో ఉంటాయి. చివర 18 అని ఉంటే 24 అని అర్థం.

పెన్నా ఒడ్డు:
ఈ చూడటం వరకు నువ్వే రిమోట్‌లో చేసుకోవచ్చు, కొత్తవాడు ఎందుకు? విండోస్‌లోనే దూరం నుంచి సాయం చేసే క్విక్ అసిస్ట్ ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసే నీకు మాత్రం మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. నీకు 6 అక్షరాల కోడ్ వస్తుంది, 10 నిమిషాలే పనిచేస్తుంది. అంత నెమ్మది మెషీన్‌లో ఆ టైమ్ చాలదు కాబట్టి, నాన్నగారి తెర మీద క్విక్ అసిస్ట్ తెరుచుకున్నాకే కోడ్ తీసుకుని, ఆయనకి చెప్పి అక్కడ కొట్టించు. కంట్రోల్ అడిగినప్పుడు ఆయన అలో నొక్కాలి. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అనుమతి పెట్టె వస్తే నీ వైపు తెర నల్లబడొచ్చు. తెగిపోయిందని కంగారుపడొద్దు, అక్కడ ఆయన ఎస్ నొక్కితే సరిపోతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ కొత్త కోడ్ కావాలి.

ఎనీడెస్క్ చెడ్డదేం కాదు. అన్‌అటెండెడ్ యాక్సెస్‌కి (మనం అక్కడ లేకపోయినా కనెక్టయ్యే వీలుకి) పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తే ప్రమాదం, ఎదుటివాడు ఎప్పుడైనా లోపలికి రాగలడు. ఇప్పటికే వేసుంటే తీసేయండి. ఎవరు కనెక్టయినా ఆ సమయంలో బ్యాంకు పేజీ తెరవకూడదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కావలి అబ్బాయి:
క్విక్ అసిస్ట్‌లో చూశాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు, కాషన్ అని ఉంది. సీ5 చివర 18. చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (డిస్క్‌లో పాడైన చోట్లు వెతికే విండోస్ కమాండ్) పెట్టి రాత్రంతా వదిలేయనా?

ఒంగోలు హార్డ్‌వేర్:
అస్సలు వద్దు. అది డిస్క్ మొత్తం చదువుతుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోయేదాన్ని ఇంకా తొందరగా పంపుతుంది. డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి సర్దడం) కూడా వద్దు. ముందు ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు, టాలీ డేటా చిన్న చిన్న ఫోల్డర్లుగా బయటి డిస్క్‌కి కాపీ చేయించు. ఏ ఫైల్ దగ్గరైనా ఆగితే స్కిప్ కొట్టి ముందుకు పోవాలి. టిక్ టిక్ అని శబ్దం వస్తే వెంటనే ఆపేయాలి.

ఆ తర్వాత పాత డిస్క్ బదులు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్), దాన్ని బోర్డుకి కలిపే ఒక సాటా కేబుల్ కొను. ర్యామ్‌ని 8కి పెంచు. కొనేముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూడు. 1333, 1600 అయితే డీడీఆర్3 రకం ర్యామ్, 2133 నుంచి పైన డీడీఆర్4 రకం. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం లేదా తర్వాతిదైతే ఎస్ఎస్‌డీలో నేరుగా విండోస్ 11 వేయించు.

బిగించి విండోస్ వేసేదానికి నెల్లూరు పోనక్కర్లేదు, కావలిలో ఏ కంప్యూటర్ షాపులోనైనా చేస్తారు. మెషీన్ ఇంటికొచ్చాక ప్రింటర్, తెలుగు కీబోర్డు, ఆయన ఫోల్డర్లు క్విక్ అసిస్ట్‌లో నువ్వే సర్దిపెట్టు.