అప్‌డేట్: షోరూమ్ 7 శాతం లోన్ గుట్టు తెలిసింది (రాయగడ, ఒడిశా)

షోరూమ్ వాళ్లు 6 లక్షల కారు లోన్‌కి 7 శాతం అంటున్నారు, బ్యాంకు 9.25 అంటోంది, అయినా షోరూమ్ కిస్తీయే ఎందుకు ఎక్కువ అని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. "ఫ్లాటా, రెడ్యూసింగా అడగండి" అన్న సలహాయే పనికొచ్చింది.

ఫ్లాటే! అంటే నేను అసలు కడుతూ పోయినా ఐదేళ్లూ వడ్డీ వేసేది పూర్తి 6 లక్షల మీదే. రెడ్యూసింగ్ అయితే మిగిలిన అప్పు మీదే వేస్తారు. అలా 2,10,000 వడ్డీ, కిస్తీ నెలకి 13,500. రెడ్యూసింగ్ లెక్కలో చూస్తే దాదాపు 12.5 శాతం. సేల్స్ కుర్రాడు కోటేషన్ వెనకాల 7 అని రాసి చుట్టూ రెండుసార్లు గీత కూడా చుట్టాడు, ఫ్లాట్ అన్న ముక్క మాత్రం రాయలేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ తప్పనిసరి చేసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (లోన్ వివరాలన్నీ ఒకచోట చూపే కాగితం) ఇవ్వండి, ఏపీఆర్ (ఖర్చులన్నీ కలిపిన అసలు ఏడాది రేటు) చూస్తానన్నాను. అప్పటిదాకా చక్కగా తెలుగు మాట్లాడిన మేనేజర్ ఒక్కసారిగా ఒడియాలోకి దిగిపోయాడు.

బ్యాంకులోనే తీసుకున్నాను. కిస్తీ 12,528. బయట లోన్ అయితే 15,000 డిస్కౌంట్ ఇచ్చేది లేదన్నారు షోరూమ్ వాళ్లు. పోనీ అనుకున్నాను, ఐదేళ్లలో వడ్డీలోనే 58 వేలు మిగులుతాయి కదా. ఇన్సూరెన్స్ కూడా బయటే చేయించాను, కాసేపు మొహం మాడ్చుకుని ఒప్పుకున్నారు.

నా సిబిల్ స్కోర్ (అప్పులు ఎలా కట్టామో చూపే స్కోర్) వల్లే షోరూమ్ కిస్తీ ఎక్కువైందేమో అని పడ్డ టెన్షన్ అనవసరం, తేడా అంతా ఫ్లాట్ లెక్కదే. ఆంధ్రాలోని పార్వతీపురంలో కారు కొనమన్న సలహా నాకు కుదరలేదు, అడ్రస్ ఇక్కడిది కాబట్టి రిజిస్ట్రేషన్, టాక్స్ ఎలాగూ ఇక్కడే.

ఓడీ 18 (రాయగడ) నంబర్ ప్లేటు నిన్న బిగించారు.