సెల్లార్ గోడకు నెమ్ము, బీరువా వెనక బూజు: ముందు ఏ పని చేయించాలి?

ప్రశ్న (విజయవాడ)

నమస్కారం. మా ఇల్లు బందరు కాలువకు దగ్గరలో ఉంది. సగం నేలలోకి దిగిన సెల్లార్‌లో పాత బీరువా, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాల అట్టపెట్టెలు పెట్టుకుంటున్నాము. వేసవిలో పొడిగానే ఉండే పడమటి గోడ జూలై వచ్చేసరికి మోకాలెత్తు దాకా నెమ్మెక్కుతోంది. పుట్టీ పొరలుగా లేచి, చేత్తో తాకితే తెల్లటి పిండిలా రాలుతోంది. బీరువా వెనక మాత్రం గోడంతా నల్లటి మచ్చలు పడి ముక్కిన వాసన వస్తోంది. డ్యాంప్ ప్రూఫ్ రంగు రెండు కోటింగులు వేస్తే సరిపోతుందని పెయింటర్, గోడంతా చెక్కి కెమికల్ కలిపిన సిమెంటుతో మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలని తాపీమేస్త్రీ చెబుతున్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. ఇంట్లో మా అత్తగారికి ఆయాసం ఉంది కాబట్టి, ఈ బూజును ఎలా తీయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (గుంటూరు, సివిల్ ఇంజినీరు)

మీరు రాసినదానిలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. రాలుతున్న తెల్లటి పిండి బహుశా బూజు కాదు, ఉప్పు. గోడలోకి చేరిన నీరు ఇటుకలోని, మట్టిలోని లవణాలను కరిగించుకుని పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక ఆ లవణాలు పుట్టీ కింద గడ్డకట్టి దాన్ని నెట్టేస్తాయి. కొంచెం పిండిని చెంచాడు నీళ్లలో వేస్తే తెలుస్తుంది: ఉప్పయితే కరిగిపోతుంది. బీరువా వెనకది మాత్రం గాలి ఆడని చోట చల్లటి గోడ మీద తేమ పేరుకుని పట్టిన అసలైన బూజు.

ఎవరికైనా డబ్బు ఇచ్చే ముందు చిన్న పరీక్ష చేయండి. మూరెడు వెడల్పున్న పాలిథిన్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి, రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడ వైపు చెమ్మ కనిపిస్తే నీరు గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు కనిపిస్తే గాలిలోని తేమ చల్లబడి పడుతున్నట్టు.

కాలువలకు నీళ్లు వదిలేదీ వానలు మొదలయ్యేదీ దాదాపు ఒకే కాలం కాబట్టి, జూలైలో మొదలైందన్న ఒక్క కారణంతో నేరం కాలువ మీద వేయలేము. మా గుంటూరు నల్లరేగడి నేలల్లో అయితే వేసవికి మట్టి ఎండి గోడకు ఎడంగా జరిగి, తొలకరి నీరంతా ఆ సందులోంచి పునాదికి దిగుతుంది. మీ వైపు ఇసుక కలిసిన ఒండ్రు నేలలో భూగర్భ జలం త్వరగా పైకి వస్తుంది. అయితే వీటన్నిటికంటే ముందు అనుమానించవలసింది ఇంటి సొంత నీటినే: సంపు, సెప్టిక్ ట్యాంకు, డాబా మీది నుంచి గోడ మొదట్లోకి దిగే గొట్టం. రాత్రి సంపు నింపి, వాల్వు కట్టేసి, మోటారు వేయకుండా నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టి తెల్లవారాక చూడండి.

జవాబు (విజయవాడ, సింగ్‌నగర్)

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత మా వీధిలో గోడ గోడకూ ఈ బూజే. అత్తగారిని ఆ రోజు పై అంతస్తులోనో బంధువుల ఇంట్లోనో ఉంచండి. తీసేవారు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకోవాలి. పొడి చీపురుతో గీకితే బూజు రేణువులు ఇల్లంతా పరుచుకుంటాయి కాబట్టి, ముందు సబ్బు నీళ్లు చల్లి తడిపి, ఫ్యాను ఆపి, అప్పుడు రుద్దండి. బ్లీచింగ్ వేస్తే మచ్చ తెల్లబడుతుంది గానీ పుట్టీ లోపలికి పాకినది చావదు. ఆ పుట్టీని తడిమీదే గీకి తీసేయడమే మేలు. బ్లీచింగ్ వాడిన చోట బాత్రూం యాసిడ్ పొరపాటున కూడా పోయకండి, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బూజు పట్టిన అట్టపెట్టెల మీద మమకారం వద్దు, పారేయండి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. బియ్యం బస్తాలను మాత్రం వెంటనే పైకి చేర్చండి.

జవాబు (విజయవాడ)

ఇటువంటి సమస్యకు కిటికీలు తెరిచి ఉంచమని అందరూ సలహా ఇస్తారు. మన ఊరి వర్షాకాలానికి అది సగమే సరైనది. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న బయటి గాలి దాదాపు 27 డిగ్రీలకు చల్లబడగానే నీరు వదులుతుంది. సెల్లార్ గోడ అంతకంటే చల్లగా ఉంటే మీరు తెరిచిన కిటికీయే గోడకు చెమట పట్టిస్తుంది. తేమను కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. లోపలి తేమ 60 శాతం దాటకుండా చూసుకోవాలి. ఉక్కపోత రోజుల్లో తలుపులు మూసి డీహ్యూమిడిఫయర్ నడపడం, పొడిగాలి వీచే రోజుల్లోనే ఎగ్జాస్టు ఫ్యాను వేయడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. షీటుకు గోడ వైపే నీటి బొట్లు నిలిచాయి. సంపులో నీరు రాత్రికి రాత్రే గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగింది. ఆ సంపు ఉన్నది కూడా పడమటి గోడకు అవతలే. ఇప్పుడు సంపు బాగుచేయించి, వెంటనే డ్యాంప్ ప్రూఫ్ రంగు వేయించవచ్చా?

జవాబు (గుంటూరు, సివిల్ ఇంజినీరు)

సంపు బాగుచేయించండి, రంగు మాత్రం ఇప్పుడు వద్దు. తడిసిన ఇటుక గోడ అంగుళానికి సుమారు నెల చొప్పున ఆరుతుందని ఒక మోటు లెక్క ఉంది. మీది తొమ్మిదంగుళాల గోడ అయితే వచ్చే వేసవి దాకా ఆగవలసిందే. ఈలోగా లోపలి వైపు రంగుతో మూసేస్తే తడి బయటికి పోయే దారి లేక రంగును బుడగల్లా లేపుతుంది, లేదా గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది. లేచిన పుట్టీ అంతా తీయించి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, కావాలంటే సున్నం వేయించండి. సున్నం తడిని ఆరనిస్తుంది, దాని క్షారగుణం బూజును కూడా అంత తేలికగా పట్టనివ్వదు. మేస్త్రీ చెప్పిన ప్లాస్టరింగ్ గురించి, సంపు కారడం ఆగాక కూడా వచ్చే వర్షాకాలంలో చెమ్మ కనిపిస్తేనే ఆలోచించండి. అప్పటికీ నేలలోంచి ఊట వస్తుంటే గోడ వెంబడి సన్నటి కాలువ తీసి, ఒక మూల గుంతలో ఆటోమేటిక్ పంపు పెట్టడం తప్పకపోవచ్చు.

సంపు పనిలో ఒక జాగ్రత్త: లోపల వేసే కోటింగు డబ్బా మీద తాగునీటి ట్యాంకులకు పనికివస్తుందని రాసి ఉంటేనే కొనండి.